తాడు చుట్టే బండెమ్మ

అనగనగా, మన తాతల తాతలకి ఇంకా పాలపళ్లైనా రాని కాలంలో, సముద్రం ఒడ్డున ఒక పల్లె. ఆ పల్లెలో బండెమ్మ అని ఒక ముసలమ్మ. ఆవిడకి పడవ లేదు, వల లేదు, నా అన్నవాళ్లు లేరు. ఒడ్డుకి లాగిన తాడుని చుట్ట చుట్టడం ఆవిడ పని. చుట్టినందుకు దోసెడు చేపలు ఇచ్చేవాళ్లు. అలాంటి ఆవిడ పేరు ఈ రోజుకీ ఆ ఒడ్డున రాజుగారి పేరుకన్నా గట్టిగా వినబడుతుంది. ఎందుకో చెప్తా, దగ్గరికి జరగండి.

పెద్దవల లాగడం ఎప్పుడైనా చూశారా? చూసి తీరాలి! పొడుగాటి తాడు, దానికి బారుగా ముప్పై మంది. తాడు వెనక్కి వస్తూ ఉంటుంది, మనిషీ వెనక్కి వస్తూ ఉంటాడు. బారు చివరికి వచ్చినవాడు తాడు వదిలేయాలి. వదిలేసి, చేతులు ఊపుకుంటూ నీళ్ల దాకా నడిచి, మళ్లీ ముందు పట్టుకోవాలి. ఆ నడకలోనే ఊపిరి తీసుకునేది. చివరికొచ్చినా వదలని మొండివాళ్లని చూస్తే బండెమ్మ ఒకటే కేక: "ఒగ్గెయ్." అంటే, వదిలెయ్ అని.

ఆ పల్లెలోనే నూకాలు అని ఒక తల్లి. కూతురు గంగకి తొమ్మిదేళ్లు. మాటలు రాలేదు. గట్టిగా చప్పుడైతే చెవులు మూసుకుని అరిచేది. నీళ్లు కనబడితే చాలు, పరుగే. అందుకని నూకాలు తొమ్మిదేళ్లూ ఆ పిల్ల చెయ్యి వదల్లేదు. కూర్చుని తినలేదు, కంటినిండా పడుకోలేదు, తీర్థానికి వెళ్లలేదు. మొగుడు పోలయ్య ఎత్తుకోబోయినా, నీకు తెలీదంటూ లాక్కునేది. ఊరంతా "ఎంత ఓర్పో" అని మెచ్చుకుని ఎవరింటికి వాళ్లు పోయేవారు. మెచ్చుకోలు కూడు పెడుతుందా?

బండెమ్మ మొదటిసారి వాళ్ల గుమ్మంలో నిలబడి, "ఒగ్గెయే, ఈ పూట పిల్లని నాను పట్టుకుంటాను" అంది. నూకాలు తలుపేసుకుంది. రెండోసారి వచ్చి అదే మాట అంది. నూకాలు పిల్ల చెయ్యి ఇచ్చి, పదడుగులు నడిచి, అరుపు విని పరుగున వచ్చి లాక్కుంది.

ఒకరోజు వల ఒడ్డుకొస్తోంది. వలనిండా చేపలు, ఊరంతా కేకలు. ఆ గోలకి గంగ బెదిరిపోయింది. తల్లి చెయ్యి విడిపించుకుని కెరటాల్లోకి దూకింది. నూకాలు కదల్లేదు. కొయ్యబారిపోయింది. బండెమ్మ తాడు చుట్ట అక్కడే పడేసి, మెడలోతు నీళ్లలోకి దిగి, పిల్లని జుట్టు పట్టి లాక్కొచ్చింది. డెబ్భై ఏళ్ల మనిషి!

అప్పుడు నూకాలు ఇసుకలో కూలబడి, ఏ తల్లీ పైకి చెప్పని మాట చెప్పింది.

"సెయ్యి జారిపోతే అమ్మయ్య అనిపించింది అత్తా. రెప్పపాటే. నాను తల్లినేనా?"

విన్నవాళ్లు నోరు నొక్కుకున్నారు. బండెమ్మ మాత్రం ఆమె పక్కన చతికిలబడింది.

"తాడు లాగి లాగి సేతులు సచ్చుబడితే, వల మీద పేమ లేదంటామేటే? సివరికొచ్చీసినావు. ఒగ్గెయ్. ముందుకెళ్లి మళ్లీ పట్టుకుందువు."

ఆ పైన ఊరివైపు తిరిగి దులిపేసింది. తాడుకి ముప్పై మంది వంతులు వేసుకుంటారు గదా, ఈ పిల్లకి ఒక్కతేనా అని అడిగింది.

ఈసారి నూకాలు వదిలింది. గంగ అరిచింది. పోలయ్య పట్టుకున్నాడు. అతను అలిసిపోతే పక్కింటి దానమ్మ, దానమ్మ అలిసిపోతే బండెమ్మ. నూకాలు సాయంత్రం దాకా నిద్రపోయింది, వాళ్ల మాటలో చెప్పాలంటే కంటినిండా తొంగుంది. లేచి వేడన్నం తింది. మర్నాడు ఏం చేసిందో తెలుసా? తాడు పట్టి పాట ఎత్తుకుంది! ఒకప్పుడు ఆ ఒడ్డున అందరికన్నా పెద్ద గొంతు ఆమెదేనట. ఊరు ఊరంతా ఊగిపోయింది.

గంగకి మాటలొచ్చాయా అని అడుగుతారు, నాకు తెలుసు. రాలేదు. అరుపులూ పోలేదు. కానీ పిల్లకి ఊళ్లో అందరి చేతులూ అలవాటయ్యాయి, తల్లికి నవ్వు తిరిగొచ్చింది.

కొన్నాళ్లకి బండెమ్మ పోయింది. గుడి కట్టలేదు, రాయి పాతలేదు. అయినా ఆ ఒడ్డున ఇప్పటికీ, అలాంటి బిడ్డని పట్టుకున్న తల్లో తండ్రో కనబడితే ఎవరూ "పాపం" అనరు. దగ్గరికొచ్చి, "బండెమ్మ పిలిచింది, ఒగ్గెయ్" అంటారు. ఆ మాటని కాదనకూడదు. పూట గడిచి బిడ్డని అప్పగించేటప్పుడు, ఎంత ఏడ్చిందో, ఎంత ఏడిపించిందో చెప్పకూడదు. ఒక్కటే అడగాలి.

"కంటినిండా తొంగున్నావా?"