తొలి ముంత ఎవరిది?

అనగా అనగా, కొండలు మబ్బులను తలగుడ్డల్లా చుట్టుకుని కూర్చునే కాలంలో, చల్లకొండ అనే చిన్న రాజ్యం ఉండేది. రత్నకేతుడు అనే రాజు దాన్ని ఏలుతూ ఉండేవాడు.

ఆ రాజ్యంలో ఒక కట్టుబాటు. ఏ ఇంట ఏది పండినా, ఏది వండినా తొలిభాగం రాజుగారిది. తొలి పనసపండు కోటకు వెళ్లాలి. తొలి తేనెపట్టు కోటకు వెళ్లాలి. ఆవు ఈనితే జున్నుపాలు కూడా ముందు కోటకే వెళ్లాలి. ఆ భాగాన్ని రాజుకంటే ముందు ఎవరైనా నోట పెట్టారో, వారి తల మొండెం మీద నిలవదు.

ఒక ఏడు తొలిభాగాల అధికారిగా సోమలింగం కొత్తగా వచ్చాడు. పనిలో నిక్కచ్చి మనిషి. ఒక్కటే జబ్బు, అనుమానం. భార్య మజ్జిగ పోస్తే వెన్న ఎక్కడ దాచిందా అని చూసేవాడు. ఎవరైనా దణ్ణం పెడితే వీడేదో తప్పు చేశాడు అనుకునేవాడు. పెట్టకపోతే మరీ పెద్ద తప్పే చేశాడు అనుకునేవాడు.

కొండ చరియలో పైడమ్మ అనే ముసలావిడ కోడలితో కలిసి ఉండేది. రాగుల నుంచి సారా తీయడం ఆవిడకు అత్తవారింటి విద్య. తాగి తూలడానికి కాదు సుమా. చలి ముదిరినప్పుడు రాజవైద్యుడు అందులో చెట్ల వేళ్లు నానబెట్టి మందులు చేసేవాడు. కొండదేవత పండుగనాడు మనిషికి ఒక్క గుక్క చొప్పున పంచేవారు. అంతకు మించి ఎవరు బతిమాలినా పైడమ్మ చుక్క విదిల్చేది కాదు.

పాత అధికారి కొండ ఎక్కలేక, కిందికి పంపిన కుండ పుచ్చుకుని ఊరుకునేవాడు. సోమలింగం అలా కాదు. "పంపింది తొలిభాగమో మలిభాగమో ఎవడు చూశాడు?" అనుకుని, తానే చూడాలని కొండ ఎక్కాడు.

మొదటిసారి వెళ్లేసరికి, పైడమ్మ ఇంట్లో వెనక గది మూసి ఉంది.

"ఆ గది తలుపు ఎందుకు మూశావు, అవ్వా?"

"లోపలికి ఎండ తగలకూడదు బాబూ."

"ఎండ తగలకూడదా, నా కన్ను తగలకూడదా?"

పైడమ్మ తలుపు తీసింది. లోపల తడి గోనె కింద రాగులు పరిచి ఉన్నాయి. ఒక్కో గింజకు ఈగ కాలంత తెల్లని మొలక.

"మూడు రోజులు ఇలా చీకట్లో నిద్రపోతే గింజలో తీపి మేలుకుంటుంది బాబూ. అప్పుడు ఎండబెట్టి, తిరగలిలో విసిరి, జావ కాస్తాను."

సోమలింగం నమ్మలేదు. మోచేతి వరకూ గింజల్లో చెయ్యి పెట్టి తవ్వాడు. అడుగున కూడా మొలకలే ఉన్నాయి.

పైడమ్మ కోడలు సూరమ్మ నీళ్ల చెంబు తెచ్చి పక్కన పెట్టింది. "చెయ్యి కడుక్కోండి అయ్యగారూ. ఇంకాసేపు అలాగే ఉంచితే దానికీ మొలకలొస్తాయి."

సోమలింగం ముఖం ముడుచుకుని కొండ దిగాడు. 'ఇంత తేలిగ్గా తలుపు తీసిందంటే, దాచింది ఇంకెక్కడో ఉంది' అనుకున్నాడు.

వారం తిరిగాక రెండోసారి వెళ్లాడు. మూతికి గుడ్డ కట్టి మట్టి మెత్తిన పెద్ద కుండ ఒకటి వసారాలో ఉంది. పైడమ్మ దానికి చెవి ఆనించి, కళ్లు మూసుకుని కూర్చుంది. ఆవిడ పెదవులు కదులుతున్నాయి.

"దొరికావు. ఏం మంత్రం అది?"

"మంత్రమేం లేదు బాబూ. కుండ మాట వింటున్నాను. పులిసినన్నాళ్లూ గలగలా మాట్లాడుతుంది. నోరు మూసుకున్నాక పొయ్యి ఎక్కించాలి."

"మరి పెదవులు ఎందుకు కదిలాయి?"

"ముసలిదాన్ని. ఊరికే కూర్చున్నప్పుడు అమ్మవారి పేరు తలుచుకుంటాను. దానిలో కూడా రాజుగారికి భాగం ఉందా?"

సోమలింగం తానూ చెవి ఆనించాడు. లోపల నుంచి బుస్సుమని వినిపించింది. ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేశాడు.

"పాము కాదు లెండి, జావే" అంది సూరమ్మ, ముఖానికి చెంగు అడ్డం పెట్టుకుని.

మూడోసారి సోమలింగం చెప్పకుండా వెళ్లాడు. పెరటి తడికె వెనక నక్కి, సందులోంచి చూశాడు.

పొయ్యి మీద కుండ. దాని మీద ఇంకో కుండ. రెంటి నడుమా సందు లేకుండా బంకమట్టి. పై కుండ మీద చన్నీళ్ల గుడ్డ. పక్కకు వంగిన వెదురు గొట్టం. దాని కొసన ఒక చిన్న మట్టి ముంత. ఆవిరి పైకి పోయి, చల్లబడి, బొట్టు బొట్టుగా ముంతలో పడుతోంది.

ముంత నిండింది. పైడమ్మ దాన్ని తీసి, దాని చోట పెద్ద కాగు పెట్టింది. ముంతను పట్టుకుని పెరటి మూలకు వెళ్లి, అటూ ఇటూ చూసి, నేలకు దణ్ణం పెట్టుకుని, ఒంపబోయింది.

సోమలింగం ఒక్క గెంతులో తడికె దాటి ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు.

"ఏమిటిది?"

"తొలి ముంత బాబూ. నేలతల్లిది."

"తొలిభాగం రాజుగారిది. నేలతల్లి ఎవరు మధ్యలో? ఎందుకు పారబోస్తున్నావు, చెప్పు."

"తొలి ముంత నేలకే పోయాలి, నోటికి తగలకూడదు అని మా అత్త చెప్పింది. ఆవిడకు ఆవిడ అత్త చెప్పిందట. ఎందుకో ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు."

మొలకలకు కారణం చెప్పింది. కుండకు కారణం చెప్పింది. దీనికి మాత్రం చెప్పలేకపోయింది. సోమలింగానికి ఇంకేం కావాలి?

"సరుకులో సారం అంతా దీనిలోనే ఉంది. దొంగచాటుగా ఎవరికో దాస్తున్నావు. నన్ను చూసి పారబోస్తున్నట్టు నటించావు. రేపు ఉదయం సభకు రా."

"ముంతను తీసుకెళ్తే తీసుకెళ్లు బాబూ. ఎవరి నోటికీ తగలనివ్వకు. నీకు పుణ్యం ఉంటుంది."

ముంతలోది సొరకాయ బుర్రలో పోసుకుని సోమలింగం ఇంటికి వచ్చాడు. పొద్దువాలుతోంది. అరుగు మీద కూర్చుని బుర్ర వైపు చూశాడు. ఇది నిజంగా మంచి సరుకేనా? ముసలిది నా కన్నుగప్పి మార్చేయలేదు కదా? రుచి చూడకపోతే రేపు సభలో ఏం చెప్పగలను? ఇలా అనుకుని ఒక్క చుక్క నాలుక మీద వేసుకున్నాడు. మంటలా దిగింది. సరిగా తెలియలేదని ఒక గుక్క తాగాడు. తెలిసినట్టే ఉంది గానీ ఖాయం చేసుకోవాలని ఇంకో గుక్క తాగాడు. బుర్ర సగమైంది. నీళ్లు పోసి నింపేశాడు.

మర్నాడు లేచేసరికి ఇల్లంతా పొగమంచు.

"ఏమే, తలుపు వెయ్యలేదా? మంచంతా లోపలికి వచ్చేసింది. దీపం పెట్టు."

"దీపమా? పొద్దెక్కి రెండు బారలైంది" అంది భార్య. "వాకిట్లో ఎండ చురుక్కుమంటోంది. ఏమైంది మీకు?"

సోమలింగం కంగారుగా లేచి కూర్చున్నాడు. అరచేతిని ముఖం ముందు పెట్టుకున్నాడు. పాలలో ముంచిన చెయ్యిలా ఉంది. అప్పుడు కూడా అతని బుద్ధి తన దారినే పోయింది. 'ముసలిది చేతబడి చేసింది. పెదవులు కదిపింది అందుకే. ఈ రోజు దాన్ని వదలను.'

ఎవరికీ చెప్పకుండా, తోడు వచ్చిన భటుడి భుజం పట్టుకుని, గొప్పగా నడుస్తున్నట్టు నటిస్తూ సభకు వెళ్లాడు.

రాజు అంతా విన్నాడు. బుర్రలోది బంగారు గిన్నెలో పోయించాడు.

"పైడమ్మా, నా భాగాన్ని నేలపాలు ఎందుకు చేస్తున్నావు?"

"కారణం నాకు తెలియదు మహారాజా. తెలియనిది తెలుసని చెప్పలేను. అది మాత్రం తాగకండి. నాకు ఏ శిక్ష వేసినా సరే, తాగకండి."

సభలో గుసగుసలు బయలుదేరాయి. అంతగా వద్దంటోందంటే అమృతమే అయి ఉంటుందన్నారు కొందరు. విషం కలిపింది, ఇప్పుడు భయపడుతోందన్నారు కొందరు.

రాజు సోమలింగం వైపు తిరిగాడు. "దీన్ని ఇప్పటికే ఎవరైనా నోట పెట్టారా?"

"నాకంత ధైర్యమా ప్రభూ? ఎవరూ పెట్టలేదు."

ఆ మాట విని పైడమ్మ రెండు చేతులూ జోడించింది. "ఎవరూ తాగలేదా బాబూ? చల్లని మాట చెప్పావు. రాత్రంతా అదే దిగులు."

సోమలింగం ఆవిడ ముఖం చూడాలనుకున్నాడు. కనిపించలేదు. తెల్లటి మసకలో ఒక ఆకారం, అంతే. అప్పుడు ఒక ఆలోచన ముల్లులా గుచ్చుకుంది. 'ఎవరూ తాగలేదంటే ఈవిడ మనసు కుదుటపడింది. చేతబడి చేసినదైతే నేను తాగానని తెలిసి ఉండాలి కదా. అబద్ధం ఆడింది ఎవరు? నేను ఆడానని నాకు తెలుసు. ఆవిడ ఆడిందని నాకెలా తెలుసు?'

పుట్టి బుద్ధెరిగాక సోమలింగం తనను తాను అనుమానించడం అదే మొదలు.

చేతబడి కాకపోతే, చూపు పోయింది ఆ ముంతలోది తాగడం వల్లే. ఆ మసకలో బంగారు మెరుపు ఒకటి పైకి లేస్తోంది. రాజు గిన్నె ఎత్తుతున్నాడు. నోరు విప్పితే తల పోతుంది. విప్పకపోతే రాజు కళ్లు పోతాయి, ఆపైన ఆ ముసలమ్మ ప్రాణం పోతుంది.

సోమలింగం ముందుకు ఉరికాడు. మెట్టు కనబడక బోర్లా పడ్డాడు. పడ్డవాడు పడ్డట్టే అన్నాడు:

"తాగకండి ప్రభూ. నేను తాగాను. సగం తాగి నీళ్లు కలిపాను. తెల్లారేసరికి నా చూపు పోయింది. మీ ముఖం కూడా నాకు కనబడడం లేదు."

గిన్నె పెదవుల దగ్గరే ఆగింది.

"ఇది మీ ఇద్దరూ కలిసి ఆడుతున్న నాటకమేమో" అన్నాడు రాజు. అనుమానం అంటుజాడ్యం కదా.

రాజవైద్యుడు దీపం తెచ్చి సోమలింగం కళ్ల దగ్గర పెట్టాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "కంటిపాప వెలుగుకు ముడుచుకోవడం లేదు ప్రభూ. ఇది నటిస్తే వచ్చేది కాదు. కాచినప్పుడు ముందుగా ఎగిరే ఆవిరిలో విషం ఉన్నట్టుంది. తొలి ముంతతో అది బయటకు పోతుంది. తరువాత దిగేది మంచిది."

రాజు గిన్నెను అక్కడే రాతినేల మీద ఒంపేశాడు.

పైడమ్మ సోమలింగం పక్కన చతికిలబడి, అతని తల తన ఒడిలోకి తీసుకుంది. "ఎంత పని చేశావు నాయనా" అంటూ చెంగుతో కళ్లు తుడిచింది. తనను దొంగ అన్న మనిషి అని ఆవిడకు గుర్తున్నట్టు లేదు.

రాజు గద్దె దిగి సోమలింగం ముందుకు వచ్చాడు. ఇలా అన్నాడు: "కట్టుబాటు ప్రకారం నీ తల తీయాలి. కానీ నీ తల పోతుందని తెలిసి నా కళ్లు నిలబెట్టావు. అందుకని తల నీకే వదిలేస్తున్నాను. ఇక మీదట తొలిభాగం ఏది మనిషికి తగునో, ఏది తగదో చేసిన చేతులనే అడగండి. వాళ్లు నేలకు పోయమంటే అది నేలదే."

వైద్యుడు నలభై రోజులు మందు వేశాడు. ఒక కన్ను బాగుపడింది. రెండో కంటికి వెలుగు తెలుస్తుంది గానీ మనిషి తెలియడు. సోమలింగం ఆ కొలువులోనే ఉన్నాడు. కాకపోతే ఏ ఇంటికి వెళ్లినా ముందు గడప మీద కూర్చుని, "ఇది ఎందుకమ్మా?" అని అడిగేవాడు. చెప్పిందంతా విన్నాకే లేచేవాడు.

ఇక పైడమ్మ ఇంట్లో, ఆ రోజు నుంచి కోడళ్లకు ఆచారంతో పాటు కారణం కూడా చెప్పడం మొదలుపెట్టారు. మొదట విన్నది సూరమ్మే.

కనుక పిల్లలూ, తెలియని పనిని చూసి అనుమానించే ముందు అడిగి తెలుసుకోవాలి. తప్పు మనదని తెలిశాక, దానివల్ల ఇంకొకరు నష్టపోకముందే ఒప్పుకోవాలి.