రెండు పాళ్ళ కస్తూరి

ఆసూరి శఠగోపాచార్యులవారిని ఎవరైనా ధర్మసందేహం అడిగితే, ఆయన అడిగినవారికి ముందుగా ఒక పని పురమాయించేవారు. పాపపుణ్యాల మాట ఎత్తినవాడి చేత వట్టివేళ్ళు కడిగించారు. మోక్షం గురించి అడిగిన ఒక విశ్రాంత న్యాయమూర్తి చేత పూటంతా గంధపుచెక్క అరగదీయించారు. జవాబు ఆ పనిలోనే ఉన్నదని కొందరు, జవాబు తెలియకనే పని చెబుతారని కొందరు అనుకునేవారు. ధవళేశ్వరంలో గోదావరి గట్టు వెనుక ఆయన పరిమళశాల. ఆలయాలకు తైలాలూ లేపనాలూ అక్కడినుండి వెళ్ళేవి.

ఆయన వద్ద అలివేణి అయిదేళ్ళుగా శిష్యరికం చేస్తున్నది. కాకినాడ కళాశాలలో రసాయనశాస్త్రం బోధించే కొలువు విడిచి వచ్చిన మనిషి. ఏటి ఆవలి ఒడ్డున ఉన్న ఒక వైష్ణవాలయంవారు స్వామి నుదుటికి కస్తూరి లేపనం కావాలని కోరగా, ఆచార్యులవారు ఆ భారాన్ని మొట్టమొదటిసారి ఆమె చేతిలో పెట్టారు. మృగాన్ని చంపి నాభి కోసే కాలం గతించింది, గతించడమే మేలయింది. ఇప్పుడు కస్తూరి అంటే ప్రయోగశాలలో పుట్టి సీసాలో వచ్చే తెల్లని పలుకులు.

చందనమూ పచ్చకర్పూరమూ నూరి, అందులో ఆ పలుకులను నూటికి రెండు పాళ్ళుగా కలిపి అలివేణి పని మొదలుపెట్టింది. నాలుగు దినాలకు వాసన సన్నగిల్లినట్లు తోచింది. మూడు పాళ్ళు చేసింది. తరువాత అయిదు, ఆపైన ఏడు. నలభయ్యవ నాటికి తొమ్మిది. వాసన చూసి చూసి ముక్కు మొద్దుబారకుండా ఆ విద్యలో ఒక ఆచారం ఉన్నది. ఒకటి మూర్కొని మరొకటి మూర్కొనేలోపు తన కొంగునే ముక్కుకు ఆనించి నిదానంగా ఊపిరి తీయాలి. సొంత బట్ట వాసన ముక్కుకు పుట్టిల్లు వంటిదనీ, అక్కడికి పోయి వస్తే దాని అలసట తీరుతుందనీ పెద్దల మాట. అలివేణి ఆ నియమాన్ని ఒక్కనాడూ తప్పలేదు. అయినా లేపనంలో చందనం పలికేది, కర్పూరం పలికేది. కస్తూరి ఉండవలసిన చోట మాత్రం ఊరు ఖాళీ చేసిపోయినట్లుండేది.

తెల్లవారితే ఆలయం నుండి మనిషి వస్తాడనగా, ఆ మధ్యాహ్నం ఆమె లేపనం నూరే కల్వాన్ని పక్కకు నెట్టింది.

"గురువుగారూ, దీనికి ప్రాణం లేదు. తల్లి లేదు, అడవి లేదు, ఇంక వాసన ఎక్కడినుంచి వస్తుంది? లేనిదాన్ని ఉన్నదని చెప్పి స్వామి నుదుట పెట్టడం అపచారం కాదా? రేపు వచ్చే ఆయనకు కుదరదని చెప్పేస్తాను. నేనూ కాకినాడ వెళ్ళిపోతాను. ఈ విద్య నాకు అబ్బలేదు."

ఆమె గొంతులో కోపం లేదు. కోపానికైనా కొంత సత్తువ కావాలి.

ఆచార్యులవారు వీధివైపు చూసి, "నూకరత్నం వస్తున్నది. మూట దించడానికి ఒక చెయ్యి వెయ్యి" అన్నారు.

అయిదేళ్ళ చదువును నేలపాలు చేసుకోబోతూ అడిగిన ప్రశ్నకు బట్టలమూట జవాబయింది. నిట్టూర్చి లేచింది అలివేణి. ఆ వీధి బట్టలన్నీ ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చే నూకరత్నం, మూటకంటే ముందు చంకలోని ప్లాస్టిక్ సంచీని అరుగుమీద విసిరినట్లుగా పెట్టింది. అందులో అలివేణి చీర ఒక్కటే ఉన్నది.

"ఏం నూకరత్నం, ఆ చీరను ఎందుకు వెలివేశావు?" అన్నారు ఆచార్యులవారు.

"వెయ్యక ఏం సెయ్యమంటారండీ? మూడు నీళ్ళు జాడించేనండి, రెండ్రోజులు ఎండలో ఆరేసేనండి. ఇస్త్రీపెట్టె ఆనించేసరికి గదంతా గుప్పుమన్నాదండి. మూటలో బట్టలన్నిటికీ అంటేసింది. హెడ్మాస్టారి చొక్కా వాసన సూసి ఆయన పెళ్ళాం, 'ఎవర్తిదయ్యా ఇది' అని రెండ్రోజులు అన్నం ఎట్టలేదంట. ఆయనొచ్చి నా గుమ్మంలో కూకున్నాడు, సాచ్చికం సెప్పమని!"

అలివేణి నవ్వలేదు. చీర తీసి కొంగును ముఖానికి గట్టిగా అదుముకున్నది. ఎండ వాసన వచ్చింది; గంజి వాసన వచ్చింది. మరేమీ లేదు.

"నాకేమీ తెలియడం లేదే!"

"అదేటండమ్మా, ముక్కుకి ఎట్టుకుని మరీ తెలీదంటారు? కావాలని ఏడిపిత్తన్నారా నన్ను?" అని నూకరత్నం బుగ్గలు నొక్కుకున్నది. మళ్ళీ కొంచెం మెత్తబడి, "మొదట్లో ఇలా లేదండి. పని మొదలెట్టిన రోజు ఊదారంగు చీర కట్టేరు సూడండి, దాని కొంగు సంటిపిల్ల మాడు వాసనేసింది. ఉతకబుద్ధి కాలేదు నాకు. ఇప్పుడిది తలనొప్పండి, ఆయ్" అన్నది.

అలివేణి అరుగుమీద కూలబడింది. నలభై దినాలుగా తన ముక్కు పుట్టిల్లనుకొని చేరినచోట కూడా ఆ కస్తూరే కాపురమున్నది. కల్వం దగ్గర అదే, కొంగున అదే. దాన్ని విడిచి ముక్కు ఒక్క గడియ కూడా బయటికి రాలేదు. ఇంతకాలమూ లేదని వాపోయినది తనను నిలువునా కప్పుకొని ఉన్నది.

"గురువుగారూ, ఇన్నాళ్ళూ నా పక్కనే కూర్చున్నారు. తొమ్మిది పాళ్ళయిందని మీకు తెలియలేదా?"

ఆచార్యులవారు భుజంమీది ఉత్తరీయాన్ని తడుముకున్నారు. ఆ ముఖంలో డెబ్బై ఆరేళ్ళూ ఒక్కసారిగా కనిపించాయి.

"తెలియలేదమ్మా. ఆ పలుకులు ఈ ఇంటికి వచ్చి ముప్పై ఏళ్ళయింది. ఒక్కనాడూ వాటి వాసన నా ముక్కుకు అందలేదు. కొందరికి పుట్టుకతోనే అంతేనట."

"మరి ఇన్ని ఆలయాలకు..."

"నా ఉత్తరీయానికి రాసి ఉతకడానికి వేసేవాణ్ణి. వాసన కుదిరిందో లేదో ముందు నూకరత్నం అత్తగారు చెప్పేది. ఆమె పోయాక ఈవిడ."

అలివేణి లేచి చేతులు కడుక్కున్నది. మొదటినాటి పాళ్ళ ప్రకారం కొత్తగా కొంచెం లేపనం నూరి, వేలికొనతో నూకరత్నం అరచేతిలో పెట్టింది. నూకరత్నం ఆ చేతిని ముక్కు దగ్గరకు తీసుకొని కళ్ళు మూసుకున్నది. కాసేపటికి చెయ్యి దించి, ఆ మరకను తుడుచుకోకుండానే మూట విప్పసాగింది.

అలివేణి కల్వం మీదికి వంగి మరొకసారి ఊపిరి తీసింది. చందనం. కర్పూరం. అంతే.

"దీన్నే రేపు పంపిస్తాను," అన్నది. తరువాత మెల్లగా, "నాకు మాత్రం ఇప్పటికీ ఏమీ లేదు, గురువుగారూ."

"పదిహేను రోజులు దీని జోలికి రాకు. నీకు తిరిగి వస్తుంది," అన్నారు ఆచార్యులవారు. గోడకు జేరబడి కళ్ళు మూసుకుంటూ, "దీనికి ప్రాణం లేదని నేనూ పదేళ్ళపాటు అందరితో వాదించానమ్మా" అన్నారు.