రెండు పలకలు

హోషేయ ప్రార్థన చేస్తుంటే ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకునేవాళ్ళు. "ప్రభువా, నేను ఘోరపాపిని, పురుగుని, నీ పాదధూళికి కూడా తగను" అని అతను గొంతెత్తితే వెనక వరసలో కునికే వాళ్ళు కూడా మేలుకుని తలలు వంచేవాళ్ళు. ప్రార్థన అయ్యాక అందరి గుండెలూ తేలికపడేవి. అతని గుండె మాత్రం ఎప్పటిలాగే బరువుగా ఉండేది.

మూడేళ్ళుగా అతను పరంజ్యోతి అయ్యగారి దగ్గర శిష్యుడు. అయ్యగారు మెట్ట ప్రాంతంలో ఒక చిన్న చర్చికి పాదిరి. డెబ్బై ఏళ్ళు దాటినా శిష్యులతో పాటు గడ్డపార పట్టే మనిషి. పొద్దున బైబిలు చెప్పేవారు, సాయంత్రం పాదులు తవ్వించేవారు. ఇంకో రెండు వారాల్లో హోషేయని అతని సొంత ఊరు రాళ్ళవాగుకే ఉపదేశిగా నియమించాలని నిశ్చయమైంది. ఆ మాట విన్న రోజునుంచి అతనికి అన్నం సయించడం లేదు.

ఒక పొద్దున అయ్యగారు దొడ్లో కంచె సర్ది వచ్చి అరుగు మీద కూర్చున్నారు. హోషేయ వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"అయ్యగారూ, పదకొండేళ్ళుగా రోజూ క్షమాపణ అడుగుతున్నాను. నాకు నెమ్మది దొరకలేదు. దేవుడు నా మాట వినడం లేదా?"

అయ్యగారు రెండు కాళ్ళూ పైకి ముడుచుకుని దుప్పటి కప్పుకున్నారు.

"ముల్లు దిగిందిరా. పిన్నీసు తెచ్చి తీసిపెట్టు."

హోషేయ పిన్నీసు తెచ్చాడు. "ఏ కాలండీ?"

"ఒంట్లో ఎక్కడో ఉంది. తియ్యి."

"ఎక్కడో చెప్పండి అయ్యగారూ."

"నా ఒళ్ళంతా ముళ్ళేనయ్యా! నా అంత ముళ్ళున్నవాడు లోకంలో లేడు. తీసెయ్."

ఆ గొంతు ఎవరిదో హోషేయకి తెలిసింది. అది తన ప్రార్థన గొంతే. చేతిలో పిన్నీసు అలాగే ఉండిపోయింది.

అయ్యగారు నవ్వలేదు. దుప్పటి తొలగించి, కుడి మడమ చూపించారు. అక్కడ నిజంగానే సర్కారు తుమ్మ ముల్లు నల్లగా కనబడుతోంది. హోషేయ వంగి దాన్ని తీశాడు. తీసినవాడు మళ్ళీ లేవలేదు. ఆ పాదాల దగ్గరే కూర్చుని, నేల చూస్తూ, మామూలు గొంతుతో చెప్పడం మొదలుపెట్టాడు.

"నాకు పదహారేళ్ళప్పుడు ఒక సాయంత్రం చేపల కోసం మా చెరువు తూము పలకలు రెండు పైకి లేపాను. నీళ్ళు ఉరికొచ్చాయి. మళ్ళీ దించడం నా వల్ల కాలేదు. భయపడి పారిపోయి ఇంట్లో ముసుగుతన్ని పడుకున్నాను. తెల్లారేసరికి చెరువు ఖాళీ. ఆ ఏడు వానల్లేవు. పొట్ట మీదున్న పైరు ఎండిపోయింది. చెరువు నీళ్ళు చూసే మత్తయి పెదనాన్న తాగి తూము మూయడం మరిచిపోయాడన్నారు. మూశానని ఆయన చెబితే ఒక్కరు కూడా నమ్మలేదు. చర్చిలో పెద్దల బల్ల మీద నుంచి లేపేశారు. నేను అక్కడే, మూడో వరసలో కూర్చుని ఉన్నాను. నోరు తెరవలేదు. ఆయన పెళ్ళాంతో ఊరొదిలి పోయాడు."

ఈ మాటలకి ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు. అంత పొడిగా ఉన్నాయి.

అయ్యగారు అతని నెత్తి మీద చెయ్యి పెట్టారు. "యేసు ప్రభువు నామంలో నీ పాపం క్షమించబడింది."

హోషేయ తలెత్తాడు. "అంతేనా?"

"ఇంకేం కావాలి?"

హోషేయ లేచి నిలబడి, "నేను మత్తయి పెదనాన్న దగ్గరికి పోవాలండీ" అన్నాడు.

అయ్యగారు అప్పటికే చెప్పుల కోసం అరుగు కింద వెతుకుతున్నారు.

రెండు బస్సులు మారి, ఇద్దరూ మత్తయి పనిచేసే నిమ్మతోటకి చేరేసరికి మధ్యాహ్నం అయింది. మత్తయి పార చేత్తో పట్టుకుని చెట్లకి నీళ్ళు కడుతున్నాడు. జుట్టంతా నెరిసింది. హోషేయని పోల్చుకుని, "చంద్రయ్య కొడుకువి కదూ!" అని మొహం విప్పార్చాడు. ఆ సంతోషం చూశాక చెప్పడం ఇంకా కష్టమైంది.

అయినా హోషేయ నిలబడే చెప్పాడు. అరుగు మీద ఎలా చెప్పాడో అలాగే, ఒక్క మాట తగ్గించకుండా.

ముందు లేచింది మత్తయి భార్య రాహేలమ్మ. "నా మొగుణ్ణి తాగుబోతన్నార్రా! నా కూతురి పెళ్ళికి ఆ ఊరి నుంచి ఒక్క మనిషి గడప తొక్కలేదు. మా అమ్మ పోతే మట్టి వేయడానికి దొంగల్లా వచ్చి దొంగల్లా పోయాం. నువ్వేమో బైబిలు పట్టుకుని తిరుగుతున్నావా?"

హోషేయ తల వంచుకుని విన్నాడు. అయ్యగారు కూడా అడ్డం రాలేదు.

మత్తయి మాత్రం అదేమీ విననట్టే ఉన్నాడు.

"ఎన్ని పలకలు లేపావు?"

"పైవి రెండు, పెదనాన్నా."

"కిందవి?"

"అప్పటికి బిగించే ఉన్నాయి. తర్వాత నీళ్ళ ఉరవడికి కొట్టుకుపోయినట్టున్నాయి. సందుల్లో బంకమట్టి కూడా మెత్తి ఉంది. నేనే వేళ్ళతో గీకేశాను."

మత్తయి చేతిలో పార జారిపోయింది.

"మట్టి మెత్తి ఉందా? నీ కళ్ళతో చూశావా?"

"చూశాను. తడిగా ఉంది. అప్పుడే మెత్తినట్టుంది."

"రాహేలూ!" అని కేకపెట్టాడు మత్తయి. "విన్నావటే? మట్టి కూడా మెత్తానంట! నేను మూసే వచ్చాను! మూసే వచ్చాను!"

పదకొండేళ్ళ కిందటి ఆ సాయంత్రం అతను పెళ్ళివారింట ఒక ముంత కల్లు తాగిన మాట నిజమే. మూశానని ఊరందరికీ ఒట్టేసి చెప్పాడు గానీ, ఏళ్ళు గడిచేకొద్దీ తన మీద తనకే నమ్మకం పోయింది. పైరు ఎండిన ప్రతి రైతు మొహమూ కలలోకి వచ్చేది. ఎన్నోసార్లు నిద్రలో లేచి కూర్చుని, పలకలు వేస్తున్నట్టు చేతులు ఆడించేవాడు. ఆ సంగతి రాహేలమ్మకొక్కదానికే తెలుసు. ఇప్పుడు ఆమె మొగుడి చేతులు పట్టుకుని భోరున ఏడ్చింది.

తర్వాత మత్తయి పార తీసుకుని మళ్ళీ నీళ్ళ దగ్గరికి పోయాడు. నాలుగు పాదులు నింపాడు. పార విసురుగా పడుతోంది. అయిదో పాదు దగ్గర ఆగి, వెనక్కి వచ్చాడు.

"నీ చెంప పగలగొట్టాలని ఉందిరా," అన్నాడు. "పదకొండేళ్ళు నన్ను నేనే తిట్టుకున్నాను. ఇవాళ్టితో ఆ పని తప్పింది. నీ మీద కొత్తగా ఇంకొకటి మొదలుపెట్టే ఓపిక నాకు లేదు, అక్కర కూడా లేదు. క్షమించాను. కాళ్ళు కడుక్కో, అన్నం తిందువుగాని."

రాహేలమ్మ మూడు కంచాలు పెట్టింది. జొన్నసంగటి, గోంగూర పప్పు. హోషేయ కంచం ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఈ ఇంట్లో తినే అర్హత నాకు లేదు పెదనాన్నా. నన్ను కొట్టినా బాగుండేది."

అయ్యగారు అప్పటికే సగం ముద్ద మింగారు. "క్షమాపణ అడగడానికి వచ్చావా, శిక్ష అడగడానికి వచ్చావా?"

"క్షమాపణేనండీ."

"ఇచ్చారుగా. తిను."

హోషేయ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. సంగటి వేడిగా ఉంది, పప్పు పుల్లగా ఉంది. ఎన్నాళ్ళ తర్వాతో అతనికి రుచి తెలిసింది. రెండో ముద్ద తనే అడిగాడు. రాహేలమ్మ అతని మొహంలోకి చూడకుండానే, పెద్ద ముద్దే వేసింది.

ఆదివారం రాళ్ళవాగు చర్చి నిండిపోయింది. ఆరాధన మధ్యలో హోషేయ లేచి, అలంకారాలేవీ లేకుండా, తను చేసింది చెప్పాడు. పైరు పోయిన రైతులు అక్కడే ఉన్నారు. ఒకాయన లేచి బయటికి నడిచాడు. గుమ్మం దాకా పోయి, హోషేయ పిలిస్తే వచ్చి అక్కడే కూర్చుండిపోయిన మత్తయిని చూసి ఆగిపోయాడు. వంగి, "మత్తయన్నా, లోపలికి రా" అని చెయ్యి పట్టుకుని లేపాడు.

అప్పుడు సంఘపెద్ద ఇర్మియా బల్ల మీద నుంచి దిగాడు. ఆనాడు మత్తయిని లేపించింది ఆయనే. వయసు మీదపడి మోకాళ్ళు వంగవు, అయినా వంగాడు. "అడక్కుండానే తీర్పు చెప్పానయ్యా నీ మీద. ఆ తప్పు నాది" అన్నాడు. మత్తయి ఆయన్ని రెండు చేతులా ఎత్తి నిలబెట్టాడు. ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు.

ఎవరు మొదలుపెట్టారో తెలియదు, పాట లేచింది. బయట కుర్రాళ్ళు ఆగలేక డప్పులు తెచ్చారు. ఆ దెబ్బకి రేకులు అదిరాయి. రాహేలమ్మ ఆడవాళ్ళ మధ్యలో కొంగు బిగించి చప్పట్లు కొడుతోంది. ప్రభురాత్రి భోజనం వేళకి అందరూ ముందుకి కదిలారు. హోషేయ చివర్న ఆగిపోతే, మత్తయి వెనక్కి వచ్చి అతని మణికట్టు పట్టుకుని, తనతోపాటు ముందుకి లాక్కుపోయాడు. హోషేయ ఏడుస్తూ నవ్వుతూ పోయాడు, నవ్వుతూనే రొట్టె అందుకున్నాడు.

ఆరాధన ముగిశాక మత్తయిని భుజాల మీదికెత్తుకుని ఊళ్ళోకి బయల్దేరారు. హోషేయ కూడా ఒక భుజం పట్టాడు. డప్పుల మోతలో ఎవరి మాట ఎవరికీ వినపడడం లేదు.

ఇర్మియా వచ్చి, అయ్యగారి చెవి దగ్గరికి వంగి, "అయ్యగారూ, ఇలాంటి పని చేసినవాణ్ణి ఉపదేశిని చెయ్యొచ్చంటారా?" అని అడిగాడు.

అయ్యగారు ఊరేగింపు వైపే చూస్తూ అన్నారు.

"పోయిన ఆదివారం దాకా కూడదు. ఇప్పుడు చెయ్యొచ్చు."