తెల్లోడికి వేసిన నీలిరంగు

రాళ్లగుట్ట వాలులో ముళ్లకంచె వేసిన దొడ్డి ఒకటి ఉండేది. ఉన్ని కత్తిరింపు కాగానే ఆ దొడ్డిలోని గొర్రెలు ఎవరి ఉన్ని వారే ఏకి, కదురు మీద వడికి, నూలును చిలపలనే కట్టలుగా చుట్టుకునేవి. రంగు వేయించుకోవాలంటే మాత్రం అన్నీ బొల్లవ్వ అనే గొర్రె దగ్గరికే రావాలి. నీలి కుండ పెట్టడం ఆమె ఒక్కదానికే వచ్చు. నీలిమందులో సున్నం, బెల్లం, తగిరిస గింజలు ఉడికించిన నీళ్లు పోసి పులియబెట్టేది. కుండ ఎప్పుడు పండిందో కంటితో కాదు, మూతి దగ్గర వాసన చూసి చెప్పేది. ఆ ముక్కు తప్పిన రోజు లేదు.

ఆమెకు ఉన్నది ఒక్కడే పిల్ల, తెల్లోడు. వాడికి ముందు పుట్టిన ఇద్దరినీ తోడేళ్లు ఎత్తుకెళ్లాయి. చిలపలు ఆరేస్తున్నా ఆమె కన్ను వాడి మీదే ఉండేది.

ఒకరోజు కంచె అవతల నక్క వచ్చి కూర్చుంది.

"రంగు భలే దిగింది వదినా!"

"దూరంగా ఉండి మాట్లాడు."

"దూరంగానే ఉన్నాను. కంచె దాటితే నా కాళ్లు విరగ్గొట్టు. ఒక మాట చెప్పి పోదామని వచ్చా. తోడేళ్లు మళ్లీ గుట్ట ఎక్కాయి."

బొల్లవ్వ కదురు ఆగింది.

"నీకెవరు చెప్పారు?"

"వాటి ఎంగిలి తిని బతికేవాణ్ని, నాకొకరు చెప్పాలా? నీ పిల్ల సున్నం కొట్టిన గోడలా గుట్ట కింది నుంచే కనబడుతున్నాడు. పైగా పాలవాసన. తోడేలు కళ్లు మూసుకుని వచ్చినా దొరుకుతాడు."

"అయితే ఏం చేయమంటావు?"

"నీ కుండ కంపుకు నేనే ఇంత దూరం కూర్చున్నా. తోడేలు ముక్కు నాకంటే సుకుమారం. పిల్లను ఆ కుండలో ముంచి తీయి. తెలుపూ పోతుంది, పాలవాసనా పోతుంది. తోడేలు ముట్టదు. నన్ను నమ్మకపోతే మానె, నీ చేతిపనిని నమ్ముకో."

ఆ చివరి మాట పనిచేసింది.

బొల్లవ్వ పిల్లను కుండ దగ్గరికి నడిపిస్తుంటే గడ్డం మేక అడ్డొచ్చింది. దొడ్డిలో అదే పెద్దది.

"వాడేమన్నా చిలపనా, ముంచి ఆరేయడానికి? నక్క నీ పిల్ల బాగు కోరిందంటే నా గడ్డం గొరిగించుకుంటా."

"నీకు పిల్లలు పోలేదు మామా."

మేక తప్పుకుంది.

తెల్లోడు కుండలోంచి పచ్చగా పైకి వచ్చాడు. గాలి తగిలేకొద్దీ ఆ పచ్చదనం నీలంగా తిరిగింది. రంగు చాలలేదని ఆమె మళ్లీ ముంచింది.

"అమ్మా, కంపు!"

"ఆ కంపే నీకు కాపలా. ఊరుకో."

మధ్యాహ్నం నిజంగానే ఒక తోడేలు కంచె దాకా వచ్చింది. గాలి పీల్చి, తుమ్మి, వెనక్కి తిరిగి గుట్ట దిగిపోయింది. బొల్లవ్వ గడ్డం మేక వైపు చూసింది. మేక నెమరు వేసింది.

పొద్దుగూకే వేళ తెల్లోడు పాలకు వచ్చాడు. పొదుగు అందించే ముందు ఏ గొర్రె అయినా పిల్ల తోక దగ్గర వాసన చూస్తుంది. బొల్లవ్వ చూసింది. వెంటనే కాలు విదిల్చింది. పిల్ల అంత దూరాన పడ్డాడు.

"నేనే అమ్మా, తెల్లోణ్ని."

గొంతు వాడిదే. కళ్లూ వాడివే. ఆమెకు తెలుసు. "రా నాయనా" అంది, కాళ్లు బిగబట్టుకుని నిలబడింది. వాడు మూతి పెట్టగానే ఆ కుండ కంపు మళ్లీ తగిలింది. దానికి ఆమె ముక్కు నేర్చుకున్న అర్థం పని, బిడ్డ కాదు. ఈసారి తలతో కుమ్మింది.

కుంకుడు రసం పోసి కడిగింది. నీళ్లు తేటగానే జారిపోయాయి. బొల్లవ్వ వేసిన రంగు ఉతికితే పోయేది కాదని దొడ్డంతా చెప్పుకునేది. వాసనా అలాగే పట్టుకుని ఉంది.

"పక్కవాళ్ల దగ్గర తాగించు" అంది మేక. పక్క గొర్రెలూ కుమ్మాయి. ఆకలికి అరిచి అరిచి, ఏ తల్లీ రానివ్వక, తెల్లోడు కంచె కింద వాన కోసిన సందులోంచి బయటికి దూరాడు.

"ఆకలేస్తోందా నాయనా?" అని అవతల ఎవరో అడిగారు.

ఒక్క అరుపు వినిపించి ఆగిపోయింది. బొల్లవ్వ కంచె మీద పడింది.

"కంపుకు ముట్టవన్నావు!"

"తోడేలు ముట్టదన్నాను. ముట్టిందా?" నక్క మూతి తుడుచుకుంది. "అది తిని పోతే నాకు ఎముకలే మిగిలేవి. ఆకలి మీద ఉన్నవాడికి కంపేమిటి వదినా? చూడు, నీ కంచె నేను దాటలేదు. వాణ్ని ఇవతలికి తోసింది నేను కాదు."

రాత్రంతా వాన కురిసింది. పాలు గడ్డకట్టి, పొదుగు సలుపుతుంటే బొల్లవ్వ తెల్లవారి కంచె దగ్గరికి వెళ్లింది. ముళ్లకు కొంచెం ఉన్ని చిక్కుకుని ఉంది. రంగు కాస్త కూడా వెలిసిపోలేదు. కుండ కంపును మాత్రం వాన కడిగేసింది. మూతి దగ్గరికి తీసుకుంటే ఉన్ని అడుగున సన్నగా పాలవాసన తగిలింది.

ఆ ముక్కు అప్పుడు గుర్తుపట్టింది.

శత్రువు నీ బిడ్డకు కాపలా చూపిస్తే, ఎవరి నుంచి కాపాడుతుందో కాదు, ఎవరి కోసం మిగులుస్తుందో చూడు.