జాడీ అడుగున పేరు

"అడుగున పేరుంటే, వస్తువు ఆ పేరుగలవాడిదేనని నమ్మేయొచ్చా మాస్టారూ?" అని, చయనులు మాస్టారి దగ్గర పని నేర్చుకుంటున్న సువార్త అడిగింది. గాజు వస్తువుల పుట్టుపూర్వోత్తరాలు చెప్పడంలో ఆయన్ని మించినవాళ్లు విశాఖపట్నంలో లేరు. అడిగినదానికి సూటిగా జవాబివ్వకపోవడంలోనూ లేరు. ఆయన కళ్లజోడు తుడుచుకుని, "రేపు దాలినాయుడి జాడీ వస్తుంది, నువ్వే చూడు" అని ఊరుకున్నారు.

దాలినాయుడంటే ఫ్యాక్టరీల జోలికి పోకుండా, పెరట్లో బట్టీ కట్టుకుని సొంత ఊపిరితో గాజు ఊదిన తొలితరం మనిషి. ఇప్పుడు చూపు పోయింది. ఆయన పనులన్నీ ఒకచోట చేర్చి ప్రదర్శన పెడుతున్నారు. తొలి ఏడాది చేసినవి ఒక్కటీ మిగల్లేదని అందరూ అనుకుంటుంటే, ఆయన భార్య పైడమ్మ నీలిరంగు జాడీ ఒకటి ఉందని కబురు పెట్టింది. దాన్ని ప్రదర్శనలో ఉంచాలా వద్దా అన్నది సువార్త తేల్చాలి.

మర్నాడు పైడమ్మ జాడీని పాతచీరలో చుట్టుకుని, మొగుణ్ణి చెయ్యి పట్టుకుని ప్రదర్శన హాల్లోకి నడిపించుకొచ్చింది. మాస్టారు పక్కన నిలబడి చూస్తుండగా సువార్త జాడీని బోర్లించి భూతద్దం పెట్టింది. గాజు వేడిమీదుండగా అడుగున అంటించిన ఇనపకడ్డీని ఊడదీసిన మచ్చ, నున్నగా అరగదీయకుండా గరుకుగానే ఉంది. పాతకాలపు పద్ధతే. అడుగు అంచున దాలినాయుడి పేరు గీసి ఉంది. కానీ ఏళ్ల తరబడి గూట్లో జరిపి జరిపి అడుగు అరిగిన సన్నటి గీతలున్నాయే, అవి పేరు మీదుగా పోవాల్సింది పోయి, పేరే వాటిమీదుగా పోయింది. జాడీ అంతా అరిగాక ఎప్పుడో పెట్టిన సంతకమన్నమాట!

"సంతకం దొంగదమ్మా, ప్రదర్శనలో పెట్టలేం" అనేసింది సువార్త.

పైడమ్మ మొహం చిన్నబోయింది. "మా ముసిలోడు సేసిందే తల్లీ. నా కళ్లెదురుగానే ఊదినాడు."

"ఏదీ, ఇలా తే" అని దాలినాయుడు జాడీ అందుకుని తడిమాడు. "ఇదేటి, మూతి ఒంకరగా! ఇలాటి పని నాను సెయ్యను. నాది కాదు."

సువార్త మనసు కుదుటపడింది. చేసినవాడే కాదన్నాక ఇంకేం కావాలి? అంతలో ముసలాయన బొటనవేలు అడుగున మచ్చ దగ్గర ఆగిపోయింది. మళ్లీ తడిమాడు. మొహం జేవురించింది.

"ఓసి పైడీ! దీన్ని బద్దలుకొట్టీమన్నాను కదే!"

సువార్త పైడమ్మ వైపు తిరిగింది.

పైడమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. తొలి ఏడాది చేసినవి చూసుకుని సిగ్గేసి, అన్నీ పగలగొట్టెయ్యమన్నాడట. ఈ ఒక్కదానికీ చెయ్యి రాక, ఉప్పు పోసుకుని వాడుకుందట. వంటింటి మొహం చూడని మహానుభావుడు కాబట్టి ఇన్నాళ్లూ సరిపోయింది. ఆయనకి చూపు పోయాక, "నానూ పోతే ఇది మా ముసిలోడిదని ఎవులకి తెలుస్తాది?" అని భయపడి, గాజు మీద పేరు గీసే ఆయన ముల్లుతోనే తను గీసిందట.

సంతకం దొంగది, జాడీ అసలుది. చేసినాయన కాదన్నాడు, మళ్లీ ఆయనే ఔనన్నాడు. సువార్త ఎటు ఆలోచించినా చిక్కుముడి బిగుసుకుందే గాని విడలేదు.

"పోనీ, ఆ పేరు అరగదీసేద్దామా మాస్టారూ?" అంది.

మాస్టారు జాడీని లాక్కున్నంత పని చేసి, ప్రదర్శన బల్లమీద నట్టనడుమ నిలబెట్టారు.

"మరి దీని ముందు పెట్టే చీటీ మీద ఎవరి పేరు రాయమంటారు?" సువార్తకి ఏడుపొక్కటే తక్కువ.

"పగలగొట్టమన్నాయన పేరు దానిమీద ఉండనే ఉంది కదమ్మా" అన్నారు మాస్టారు, పైడమ్మ వైపు చూస్తూ.