అంచున ఉన్నది

తనని ఒంటరిగా అడవిలోకి పంపాలన్నది సుభాషిణి పట్టు. పంపననేది గురువుగారి మొండితనం. చాలాకాలంగా ఆ ఇంట్లో ఇదే తంతు.

గురువుగారంటే కోదండపాణి గారు. నల్లమలలో నీడ కొలిచే మనిషి. ఆకుల గుబురులోంచి నేలకు ఎంత వెలుతురు దిగుతోందో చూసి, అడవి పలచబడుతోందో చిక్కబడుతోందో చెబుతారు. అందుకు ఆయన వాడేది చేపకన్ను లెన్సు. మోకాలెత్తు స్టాండు మీద కెమెరాను ఆకాశంకేసి వెల్లకిలా పెడితే చాలు, నడినెత్తి నుంచి నాలుగు దిక్కుల దాకా అన్నీ ఒక్క గుండ్రటి బొమ్మలో ఇమిడిపోతాయి. నడుమ ఆకాశం, చుట్టూ లోపలికి వాలిన చెట్లు.

ఆ రోజు ఆయనకి జ్వరం తగిలింది. ఇదే సందని సుభాషిణి తెల్లవారుతూనే ఒక్కతే వెళ్లి, లోయ దారి పొడవునా ఫొటోలు తీసుకొచ్చింది. వరండాలో దుప్పటి కప్పుకుని కూర్చున్న గురువుగారి ముందు లాప్‌టాప్ తెరిచింది. ముఖం వెలిగిపోతోంది.

"చూడండి గురువుగారూ, ఒక్కటీ చెడలేదు. నాకు భయమూ వెయ్యలేదు. పిట్ట కూడా అరవలేదు, అంత ప్రశాంతంగా ఉంది."

"పిట్ట కూడా అరవలేదా?" అన్నారాయన.

మొదటి ఫొటోను చాలాసేపు చూశారు. తర్వాత అరచెయ్యి చాపి నడుమనున్న ఆకాశాన్ని కప్పేశారు. చుట్టూ అంచు మాత్రం మిగిలింది.

"అంచుతో మనకేం పని? లెక్కకి రాదని కత్తిరించేస్తాంగా!" అంది సుభాషిణి.

ఆయన చెయ్యి తియ్యలేదు.

సుభాషిణి వంగి చూసింది. పొదల పైన చింతగింజలంత రెండు గుండ్రటి చెవులు. రెండో ఫొటోలో చెవుల కింద ముఖం. ఆ తర్వాతి దాంట్లో పొదలు అడ్డం లేవు, ఒంటి మీది నల్లచారలు తెలుస్తున్నాయి. ఈ లెన్సులో ఏదైనా ఉన్నదానికన్నా చిన్నగా, దూరంగా కనిపిస్తుందని ఆమెకు తెలుసు. తెలుసు కాబట్టే ఆ చారల దాకా ఉన్న దూరాన్ని మనసులో సగానికి సగం తగ్గించుకుంది. ఆమె చోటు మార్చినప్పుడల్లా అదీ వెంట వచ్చింది. ప్రతిసారీ ఆమె వీపు ఉన్న వైపే.

చివరి ఫొటో మిగిలింది. గురువుగారే తెరిచారు.

అంచంతా గడ్డి కొసలు, చెట్ల మొదళ్లు. ఆమె అంచు చుట్టూ వెతికింది. మళ్లీ వెతికింది. ఏమీ లేదు.

"హమ్మయ్య! ఇందులో లేదు గురువుగారూ. వెళ్లిపోయింది."

"ఇందులో నువ్వెక్కడున్నావు తల్లీ?"

"నేనెందుకుంటాను? బొమ్మలో పడకూడదని, లెన్సుకి అందకుండా నేలకి అంటుకుపోయి, నక్కి..."

ఆమె చూపు ఆ గడ్డి కొసల మీద నిలిచింది, వాటి కింద నక్కినదేదీ బొమ్మలో పడదు.

గురువుగారు లాప్‌టాప్ మూసేశారు. సుభాషిణి కుర్చీని వెనక్కి జరుపుకుని, వీపు గోడకి ఆనేలా కూర్చుంది.