రెండో వాకిలి

ఒకానొక రాజ్యంలో తాటాకు బడి ఒకటి ఉండేది. పిల్లలు నలభై మంది, వాకిలి ఒక్కటే. కిందటి వేసవిలో పక్క పాకకి నిప్పంటుకున్నప్పుడు పిల్లలంతా ఆ వాకిట్లోనే ఇరుక్కుపోయారు. అప్పట్నుంచి బడి ఊడ్చే నూకాలుకి అదే బెంగ. రెండో వాకిలి పెట్టించమని అడిగితే దివాను విస్సమరాజు "గోడ పగలగొట్టడం దండగ" అని కొట్టిపారేశాడు.

దానికి బదులు ఒక శాసనం రాయించుకొచ్చి బడిలో తనే చదివాడు. "నిప్పంటుకుంటే ముందు మా అబ్బాయి బయటికి రావాలి. ఆ తర్వాతే మిగతావాళ్లు!"

నూకాలు చీపురు పక్కన పెట్టి దండం పెట్టింది.

"బాగుంది దొరా. కానీ చినబాబుగారు కూర్చునేది పంతులుగారి పక్కన, అందరికన్నా లోపల. వాకిలి దాకా ముప్పై తొమ్మిది మంది అడ్డం. బాబు రాకుండా వాళ్లు కదలకూడదు. వాళ్లు కదలకుండా బాబు రాలేరు."

దివానుకి చెమటలు పట్టాయి. "అయితే మావాణ్ణి వాకిలి దగ్గరే కూర్చోబెట్టండి!"

"అక్కడ అందరూ చెప్పులు విడుస్తారు దొరా."

"మరేం చెయ్యమంటావే?"

"బాబు వెనకున్న గోడకి వాకిలి పెడితే ఒక్క అడుగులో బయటుంటారు."

సాయంత్రానికల్లా గోడకి వాకిలి పడింది.

మర్నాడు దివాను ఎదుటే నూకాలు, నిప్పంటుకున్నట్టుగా గంట మోగించింది. చినబాబు ఒక్క అడుగులో బయటపడ్డాడు. ఆ వెంటనే సగం మంది అతని వెనకే, సగం మంది పాత వాకిట్లోంచి పరిగెత్తారు. చిటికెలో బడి ఖాళీ.

"చూశావా నా శాసనం!" అని దివాను మీసం దువ్వాడు.

"తమరి దయ దొరా," అని నూకాలు చీపురు అందుకుంది. ఇకనుంచి ఊడ్చాల్సిన గడపలు రెండు. ఆమె కొత్తదానితోనే మొదలుపెట్టింది.